కట్టుడు పళ్ళకు ఏకవచనం

సర్కారు వేసిన సుంకాన్ని సర్కారు చేతే కక్కించిన మొనగాడు ఈ రేవు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి నేనే. పైరవీ లేదు, లంచం లేదు, ఒక్క గొంతుతో సాధించాను. డెబ్బై నాలుగేళ్ళు నెత్తిమీదికొచ్చినా నా నోట్లో పన్నుకు పన్ను ఉంది, మాటకు మాట ఉంది. ఆ రెండూ చూసే సుంకాలాఫీసు దడుచుకుంది. ఇది మొదటి పేరాయే కాబట్టి ప్రస్తుతానికి ఇలాగే నమ్మండి.

నేను ముప్పై ఏళ్ళు రేవు దాటించే లాంచీ మీద టికెట్లు కోశాను. ఇంజను మోతను మించి అరిచి అరిచి నా గొంతు ఎంత పెరిగిందంటే, ఇంట్లో నేను గుసగుసలాడితే పక్కవీధివాళ్ళు జవాబు చెబుతారు. చదువు మాత్రం పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా, అదీ వాన పడని రోజుల్లో. మా ఆవిడ అలా కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో భాష చెప్పింది. పెళ్ళికి ముందు నేను రాసిన ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది, పదికి నాలుగు మార్కులు వేసి వెనక్కి పంపింది. అయినా చేసుకుంది. అందరూ ఆవిణ్ణి టీచరమ్మ అంటారు. ఆ మార్కుల భయంతో నేనూ అలాగే అంటాను.

మా గోడకు ఆనుకునే ఒక లాండ్రీ ఉంది. ఆస్పత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు వస్తాయి. ఎనిమిది బల్లలు, ఎనిమిదిమంది ఆడవాళ్ళు, ఎదుటి మనిషి మొహం సరిగ్గా కనపడనంత ఆవిరి. రిటైరయిన మర్నాటి నుంచీ మా ఆవిడ మధ్యాహ్నం మూడింటికి అక్కడికి వెళ్ళి, ఎత్తు స్టూలెక్కి కూర్చుని, వాళ్ళకు నవల చదివి వినిపించేది. రోజుకో అధ్యాయం. చేతులు పనిలో ఉంటే చెవులు ఊరికే ఎందుకుండాలని ఆవిడ వాదన. ఏడుపు అధ్యాయం వచ్చిన రోజు దుప్పట్ల మీద నీళ్ళు చిలకరించే పని తప్పేదని లాండ్రీ వాళ్ళు అనేవారు.

అలాంటి మనిషికి పళ్ళు వదులయ్యాయి. డాక్టరు ఉన్నవన్నీ తీసేశాడు. వారం తర్వాత ఆవిడ యథాప్రకారం స్టూలెక్కి పుస్తకం తెరిచింది. ఆ నవల్లో నాయిక ఒక కాలు పడవ అంచున, ఒక కాలు గాలిలో పెట్టి ఉంది. "సముద్రం సద్దు చేస్తోంది" అని చదవాల్సిన చోట, "ఫముద్రం ఫద్దు చేఫ్తోంది" అని వచ్చింది. బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. వెంటనే నాలిక్కరుచుకున్నారు కూడా. మా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు, ఎత్తడానికి పల్లుండాలిగా! పుస్తకంలో దారప్పోగు పెట్టి మూసేసి ఇంటికొచ్చేసింది.

"దంత్యాలు పోయాయి" అంది నాతో. "త, ద, స. దంత్యాలకు దంతాలు కావాలి."

ఆ తర్వాత ఆవిడ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడగా నేను చూడలేదు. ఆ మూడు అక్షరాలూ లేని మాటలు ఏరుకుని ఏరుకుని మాట్లాడేది. మాట దొరక్కపోతే ఊరుకునేది. యాభై ఏళ్ళుగా ఆవిడ కాస్త ఊరుకుంటే బాగుండునని నేననుకున్న మాట నిజం. పళ్ళు లేని ఆ రెండు నెలలూ ఆవిడ నిజంగా ఊరుకుంటే ఇల్లు లాంచీ వెళ్ళిపోయిన రేవులా అయిపోయింది.

(ఇక్కణ్ణుంచి ఆవిడ మాటలన్నీ నేను పళ్ళు పెట్టి రాస్తున్నాను. మీరు పళ్ళు తీసేసి చదువుకోండి.)

పళ్ళ మేస్త్రీ ఉన్నాడు మాకు. కట్టుడు పళ్ళు కట్టడంలో చెయ్యితిరిగినవాడు. నన్ను బాబాయ్ అని, ఆవిణ్ణి పిన్నీ అని పిలుస్తాడు. "చిగుళ్ళు మానడానికి రెండు నెలలు పడుతుంది పిన్నీ. రెండు వరుసలకీ కలిపి మూడు వేలు. ఈలోగా కూడబెట్టుకోండి" అన్నాడు. కూడబెట్టాం. బిస్కట్ల డబ్బాలో సరిగ్గా మూడు వేలు.

ఆ రెండు నెలల్లోనే సర్కారు పైదేశాల పళ్ళ మీద కొత్త సుంకం వేసింది. పళ్ళంటే తినే పళ్ళు, ఆపిలు, ద్రాక్ష, ఇలాంటివి. మన తోటలవాళ్ళను కాపాడ్డానికట. టీకొట్టు దగ్గర ఈ కబురు చదివి వినిపించగానే బెంచీ మీద నిలబడి ఉపన్యాసం దంచింది ఎవరనుకున్నారు?

"మంచి పని చేశారు! ఆ పైదేశం వర్తకుల పళ్ళు రాలగొట్టారు!" అన్నాను.

"సుంకం కట్టేది ఎవరు మావయ్యా?" అన్నాడు టీకొట్టువాడు, గ్లాసులు కడుగుతూ.

"ఇంకెవరు? సరుకు పంపేవాడు."

"రేవులో సరుకు విడిపించుకునేది మనవాడు కదా?"

"నువ్వు టీ పొయ్యి" అన్నాను. జవాబు తెలియనప్పుడు నేనెప్పుడూ టీ అడుగుతాను.

మర్నాడు పళ్ళబండి దగ్గర ఆపిలు అరవై అంది బండావిడ. నిన్నటిదాకా నలభై. సరే, అది ఓడ దిగి వచ్చింది. పక్కనే మన తోట జామకాయ పదిహేను నుంచి ఇరవై రెండుకు ఎందుకెక్కినట్టు?

"ఇది ఓడెక్కలేదు కదమ్మా!" అన్నాను.

"ఓడెక్కలేదు తాతా, రేటెక్కింది" అందావిడ తీరిగ్గా. "ఆపిలు అంత పైకెళ్ళి కూర్చుంటే జామకాయ మాత్రం కిందెందుకుంటుంది? తోటాయన కూడా పెంచాడు. నేను పెంచకపోతే ఈ బండి నువ్వు తోస్తావా?"

తోయనని చెప్పి, రెండు జామకాయలు పుచ్చుకుని వచ్చేశాను. కొరకడానికి ఆవిడకి పళ్ళు లేవు. ఆ రోజు రెండూ నేనే తిన్నాను, ఆవిడ చూస్తుండగా. అది మాత్రం నాకు నచ్చలేదు.

చిగుళ్ళు మానాయి. డబ్బా పట్టుకుని మేస్త్రీ దుకాణానికి వెళ్ళాం. చిన్న గది, కిటికీ దగ్గర బల్ల, బల్ల నిండా సున్నపుదిమ్మల్లాంటి దవడల అచ్చులు, ఒక్కో దాని నెత్తిన పెన్సిలుతో రాసిన పేరు. ఊళ్ళో పెద్దమనుషులందరూ నోళ్ళు తెరుచుకుని వరసగా కూర్చున్నట్టుంటుంది. మేస్త్రీ మైనం వెచ్చబెడుతూ మా డబ్బా వంక చూసి, తల దించుకున్నాడు.

"నాలుగు వేల ఆరు వందలైంది బాబాయ్."

"ఎందుకయ్యా? నీ చెయ్యి అదే, నీ మైనం అదే!"

"నా కూలి పైసా పెరగలేదు. చిగుళ్ళ ముక్క ఇక్కడి సరుకే. కానీ పళ్ళు మాత్రం పైదేశం నుంచి రావాలి, అట్టకు అంటించి వస్తాయి. వాటి మీద పన్ను పెరిగిందట."

"పన్ను పెరిగిందా? ఏ పన్ను?"

"పన్ను మీద పన్ను బాబాయ్."

"నోట్లో పన్ను పెరగడం పిల్లల్లో విన్నాను. ఈ వయసులోనా?"

"పరిహాసానికి ఇది సమయం కాదు" అని మా ఆవిడ చెయ్యి చాచింది. మేస్త్రీ, రేవులో సరుకు విడిపించే ఏజెంటు పంపిన బిల్లు, దానికి గుచ్చిన రేవు రశీదు ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. అలవాటు కొద్దీ పెన్సిలు కూడా తీసింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి సంగతే మర్చిపోయి, నోరెళ్ళబెట్టింది.

"చల్లటి గిడ్డంగి అద్దె, నాలుగు రోజులు" అని చదివింది.

"పళ్ళను చలిలో ఎందుకు పెట్టారు? జివ్వుమనవూ?" అన్నాను.

"పురుగు పరీక్ష రుసుము. ఫలితం: పురుగు లేదు. సరుకు రకం: పళ్ళు, కట్టలు కట్టినవి." ఆవిడ కాగితం దించింది. "మేస్త్రీ, నీ ఏజెంటు ఏమని రాసిచ్చాడు?"

"కట్టుడు పళ్ళు అనే రాశాడు పిన్నీ. ఇదిగో."

"అదీ సంగతి. కట్టుడు పళ్ళంటే కట్టలుగా కట్టిన పళ్ళనుకున్నారు. ద్రాక్ష గుత్తుల్లోకి చేర్చారు. నా పళ్ళకు పండ్ల సుంకం వేశారు!"

నేను నవ్వాను. మేస్త్రీ నవ్వలేదు. "ఏజెంటుకి చెప్పాను బాబాయ్, ఆఫీసుకెళ్ళి మాట్లాడమని. 'నాకేం పోయింది? కట్టింది నేనైనా ఇచ్చుకునేది కొనేవాడే కదా' అన్నాడు. సుంకం, అద్దె, పురుగు రుసుము అన్నీ అసలులో కలిపి, ఆ మొత్తం మీద తన కమిషను వేసుకున్నాడు. సుంకం పెరిగితే ఆయన కమిషను కూడా పెరుగుతుంది. ఆయనెందుకెళతాడు?"

అప్పుడు నాకు టీకొట్టు ఉపన్యాసం గుర్తొచ్చింది. పైదేశం వర్తకుల పళ్ళు రాలతాయన్నాను. రాలినవి ఎవరివో ఆ మనిషి నా ఎదురుగానే కూర్చుని ఉంది.

రశీదు అడుగున చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది: అభ్యంతరముంటే పది రోజుల్లో తెలపాలి, ఆ తర్వాత మార్పు ఉండదు. తారీఖు చూశాం. ఆ రోజే పదో రోజు. సుంకాలాఫీసు కిటికీ నాలుగింటికి మూస్తారు. గోడ గడియారంలో మూడు కావస్తోంది. మేస్త్రీ పరుగున వెళ్ళి, "మీ పాట్లేవో మీరు పడండి" అన్నంత అర్థంలో ఏజెంటు సంతకం పెట్టిన కాగితం ఒకటి తెచ్చాడు. కొత్త పళ్ళ అట్ట ఒకటి జేబులో వేసుకున్నాడు. ముగ్గురం రిక్షా ఎక్కాం.

సుంకాలాఫీసులో పొడుగాటి బల్ల, మూడు కిటికీలు, ఒకదాని ముందే వరస. ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలన్నీ లేవబోయి, మీదున్న రాళ్ళను చూసి ఊరుకుంటున్నాయి. మా వంతు వచ్చేసరికి నాలుగుకు ఇరవై నిమిషాలు తక్కువ. గుమాస్తా పెన్ను మూత కొరుకుతూ మా రశీదు చూశాడు.

"అంతా సరిగ్గానే ఉందే. కట్టుడు పళ్ళు. పళ్ళకు వేసిన సుంకమే వేశాం."

"నాయనా, అవి ఆ పళ్ళు కావు!" అన్నాను.

"జాబితాలో పళ్ళంటే ఒకటే. వేరే పళ్ళు లేవు."

"వేరే పళ్ళు నీ నోట్లోనే ఉన్నాయి, ఆ పెన్ను మూతనడుగు!"

"అరవకండి పెద్దాయనా."

"అరవడం కాదు, ఇది నా మామూలు గొంతు!"

"మామూలు గొంతు బయటికెళ్ళి వాడుకోండి. తర్వాతెవరు?"

ఇదీ నేను సాధించిన ఘనకార్యం. రెండు నిమిషాల్లో మా వంతు పోగొట్టాను. మేస్త్రీ నా చొక్కా పట్టుకుని లాగుతున్నాడు. వెనకున్నవాడు ముందుకు తోసుకొస్తున్నాడు. అప్పుడు మా ఆవిడ నా పక్కనుంచి ముందుకొచ్చి, గుమాస్తా ముందున్న సరుకు ఫారంలో పదకొండో గడి మీద వేలు పెట్టింది.

"ఏకవచనం అడగండి" అంది నాతో, మెల్లగా.

"ఏకవచనం!" అని అరిచాను. లాంచీ గొంతు. ఆఫీసంతా ఇటు తిరిగింది.

"ఏ వచనం?" అన్నాడు గుమాస్తా.

ఆవిడ చెప్పింది, నేను అరిచాను: "పదకొండో గడి, ఒక్కొక్కదాని పేరు, వెల. ఖాళీగా వదిలేశారేం?"

"పళ్ళు కిలోల లెక్కమ్మా. ఒక్కొక్కటి రాయం."

ఆవిడ మేస్త్రీ చేతిలోంచి అట్ట తీసుకుని, ఒక పన్ను ఊడబీకి, గుమాస్తా అరచేతిలో పెట్టింది. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, తెల్లగా మిలమిలలాడుతోంది.

"ఇది ఒకటి. కట్టలో ఒకటి. దీని పేరు రాయి నాయనా. పిల్లలు కూడా రాస్తారు. బహువచనం పళ్ళు. ఏకవచనం?"

గుమాస్తా పెన్ను పట్టుకున్నాడు. "ప" అని రాశాడు. ఆగాడు. పండు అని రాయాలంటే అరచేతిలో ఉన్నది నవ్వుతోంది. పన్ను అని రాస్తే వేసిన పన్ను పోతుంది. వరసలో ఉన్నవాళ్ళందరూ మెడలు సాచారు. గడియారం పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"సందేహమైతే తిని చూడు" అందావిడ. నేను అదీ అరిచాను.

అతను దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. వాసన కూడా చూశాడనుకుంటా. నాకు ఇక ఆగలేదు. బల్ల మీదికి వంగి, "రాయవయ్యా! పన్ను! పన్ను! పన్..." అని అరిచాను. ఆ మూడో పన్నుకు నా నోట్లోంచి పైవరుస మొత్తం ఊడి, గాల్లో ఒక పల్టీ కొట్టి, వెళ్ళి ముద్రల సిరాడబ్బాలో బోర్లా పడింది.

అవును, నావీ కట్టుడు పళ్ళే. పైవరుస మొత్తం. కిందిది మాత్రం సొంతం, ఏడు మిగిలాయి. మొదటి పేరాలో చెప్పింది ఆ ఏడింటి గురించి.

మా ఆవిడ రెండు వేళ్ళతో నా పళ్ళు తీసి, ఫారం మీద పెట్టింది. నీలం సిరాతో పదకొండో గడిలో నా పైదవడ ముద్ర చక్కగా పడింది.

"పదకొండేళ్ళ నాటివి ఇవి" అంది. ఈసారి అరవడానికి నా నోట్లో పైపళ్ళు లేవు, ఆవిడ నోట్లో అసలే లేవు. అయినా ప్రతి మాటా అందరికీ వినపడింది. నోటికి చెయ్యి అడ్డం లేదు. "చల్లటి గిడ్డంగిలో పెట్టలేదు. కుళ్ళలేదు. పురుగు పట్టలేదు. ఇవి ఏ గుత్తిలోవో చెప్పండి."

మొదట నవ్వింది వరసలో చివరివాడు. ఆ తర్వాత కిటికీలు మూడూ నవ్వాయి. గుమాస్తా తల బల్లకు ఆనించి, భుజాలు ఎగరేసి ఎగరేసి నవ్వాడు. ఆ గోలకు లోపలి గదిలోంచి పెద్దాఫీసరు వచ్చాడు. రశీదు చదివాడు. "కట్టుడు పళ్ళను నాలుగు రోజులు ఐసులో పెట్టారా?" అని అడిగి, నవ్వబోయి, చటుక్కున పెదాలు బిగించాడు.

మేస్త్రీ వినయంగా ముందుకొంగాడు. "సార్, బిగించక్కర్లేదు. మీ కింది వరస నేనే కట్టాను, గట్టిగానే ఉంటుంది."

ఆఫీసరు కుర్చీ లాక్కుని కూర్చుని ఉత్తర్వు రాశాడు: 'కట్టుడు పళ్ళు పళ్ళు కావు.' మా ఆవిడ పెన్సిలు అడ్డం పెట్టింది.

"అలా రాస్తే రేపు ఇంకో గుమాస్తా తల పట్టుకుంటాడు. 'కట్టుడు పళ్ళు దంతములు. పండ్లు కావు' అని రాయండి. దంతంలు అని సున్నా పెట్టకండి."

ఆఫీసరు దిద్దాడు. ముద్ర వేశాడు. నాలుగుకు రెండు నిమిషాలు తక్కువ. ఎక్కువ వసూలు చేసింది తిరిగి ఇచ్చేలా, ఇకమీదట వచ్చే సరుకుకూ అదే వర్తించేలా ఉంది ఆ ఉత్తర్వు. ఆ నెల నుంచి ఈ రేవులో ఎవరు కట్టుడు పళ్ళు పెట్టించుకున్నా పాత ధరే. ఊరంతా ఎవరు నవ్వినా అందులో కాస్త మా ఆవిడ పుణ్యం ఉందని లాండ్రీలో అంటున్నారు. నేను కాదనను.

పది రోజులకు పళ్ళు తయారయ్యాయి. మూడు వేలు, డబ్బాలో ఉన్నంతా. మేస్త్రీ అద్దం ఇస్తే ఆవిడ చూసుకోలేదు. "సముద్రం" అంది. "సద్దు" అంది. "చేస్తోంది" అంది. నా వైపు తిరిగి, "సిగ్గులేదా, అంతమంది ముందు అలా అరవడానికి?" అంది. నాలుగు స-కారాలు, ఒకటీ తప్పలేదు. యాభై ఏళ్ళలో అంత తియ్యటి తిట్టు నేను వినలేదు.

మధ్యాహ్నం మూడింటికి ఆవిడ స్టూలెక్కేసరికి లాండ్రీలో ఎనిమిదిమందీ ఇస్త్రీ పెట్టెలు నిలబెట్టి చేతులు కట్టుకున్నారు.

"టీచరమ్మా, రెండు నెలల నుంచీ ఒంటికాలి మీద నిలబెట్టారు ఆ పిల్లని. ముందు దించండి" అంది పెద్దావిడ.

ఆవిడ దారప్పోగు తీసి చదివింది. సముద్రం సద్దు చేసింది. నాయిక రెండో కాలు కూడా పడవలో పెట్టింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఎక్కడో ఒక దుప్పటి మాడిన వాసన వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికొస్తూ పళ్ళబండి దగ్గర ఆగాం. ఆపిలు ఇంకా అరవయ్యే. తినే పళ్ళ సుంకం అలాగే ఉంది, దాన్ని కక్కించడం నా వల్లా కాలేదు, ఆవిడ వల్లా కాలేదు. జామకాయ కూడా కిందికి దిగలేదు. అయినా ఒక్క ఆపిలు కొన్నాను. ఆవిడ మొదటి కొరుకు కొరికింది. కరకర చప్పుడు. బండావిడ కూడా వినడానికి ఆగింది. ఇప్పుడు నేను టీకొట్టు దగ్గర సుంకాల మీద ఉపన్యాసం ఇవ్వను. ఎవరైనా ఇస్తుంటే మాత్రం, "కట్టేది ఎవరు నాయనా?" అని అడిగి, అతనికి ఒక టీ ఇప్పిస్తాను.

కాబట్టి లెక్క సరిచేస్తున్నాను. ఆ రోజు గెలిచింది మా ఆవిడ. నేను ఆవిడకు లౌడ్‌స్పీకరుని, సగం దూరం వెళ్ళాక అది కూడా పాడైపోయింది.

పురుగు లేదన్న ముద్ర నేను కల్పించానని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. అది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ కాగితం మేస్త్రీ దుకాణంలో అద్దం పక్కన వేలాడుతోంది, వెళ్ళి చూసుకోవచ్చు. నేను కల్పించింది ఒక్కటే. నా పైవరుస ఎగరలేదు, పల్టీ కొట్టలేదు, సిరాలో పడలేదు, దాని ముద్రా పడలేదు. మా ఆవిడ నా వైపు చెయ్యి చాచి "తీయండి" అంది. మారుమాట్లాడకుండా తీసి, చేతిరుమాలుతో తుడిచి, ఆవిడ చేతిలో పెట్టాను.